మదామ్ మ్వాతెస్యే చిత్తరువు: ధనమునకు ప్రాచీనతను కల్పించిన కళ

ఎవరి స్మృతికి ఈ ఉపన్యాసము అంకితమైనదో ఆ చిత్రకళాచార్యులు కుంచె పట్టుటకంటె ముందుగా చూచుట నేర్పెడివారు. ఒక్క పటము నెదుట ఓర్పుతో నిలువలేనివానికి నూరు పటములు చూపినను ప్రయోజనము లేదని వారి దృఢవిశ్వాసము. కావున వారి పేర జరుగు సభలో పాశ్చాత్య చిత్రకళాచరిత్ర నంతయు ఒక్క గంటలో కలయజూచు సాహసమునకు పూనుకొనక, ఒకే ఒక చిత్తరువు నెదుట తమ్ము నిలువబెట్టి, దాని పుట్టుపూర్వోత్తరములను విచారించుటయే ఈ సభకు తగినదని తలచితిని.

ఆ చిత్తరువు లండను నగరమందలి నేషనల్ గ్యాలరీలో నున్నది. దానిని ఫ్రెంచి చిత్రకారుడైన ఆంగ్ర్ 1844లో ఆరంభించి 1856లో, తన డెబ్బదియారవయేట, ముగించెను. పటము ఎత్తు 120 సెంటీమీటర్లు, వెడల్పు 92. ఎఱ్ఱని పట్టు సోఫాపై ఒక స్త్రీ ఆసీనురాలై మనవైపు చూచుచున్నది. భుజములు అనావృతములు. నల్లని కురులు నడుమ పాపటదీసి ఇరువైపుల నున్నగా దువ్వబడియున్నవి. తెల్లని పట్టుపై గులాబులు గుత్తులుగుత్తులుగా విరిసిన విశాలమైన గౌను పటములోని క్రిందిభాగమును ఇంచుమించుగా పూర్తిగ నాక్రమించినది. చేతులకు రత్నఖచితములైన కడియములు, వక్షమున పతకము, ఎడమచేత విసనకఱ్ఱ. కుడిచేతి చూపుడువ్రేలు కణతను తాకీ తాకనట్లున్నది. వెనుక గోడకున్న పెద్ద దర్పణమున ఆమె పార్శ్వముఖము ప్రతిబింబించుచున్నది. ఇంతటి సంభారము నడుమ ఆ ముఖమున నవ్వు లేదు, విషాదము లేదు, అతిథిని ఆహ్వానించు గృహిణి ప్రసన్నతయు లేదు. ఆమె మనలను చూచుచున్నదా, మన మామెను చూచుటకు అనుమతించుచున్నదా యని సందేహము కలుగును.

ఈ చిత్తరువును గూర్చి నేను ప్రతిపాదింపబోవు విషయ మొక్కటే. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో వాణిజ్యముచేతను, వడ్డీవ్యాపారముచేతను క్రొత్తగా పైకి వచ్చిన సంపన్నవర్గమునకు ధనముండెను గాని ప్రాచీనత లేకుండెను. ఆ లోపమును పూరించు భారమును ఆ వర్గము తన స్త్రీల చిత్తరువులపై మోపెను. అట్లు మూల్యమిచ్చి తెచ్చుకొన్న ప్రాచీనత మాత్రము తుదకు ఆ కుటుంబములకు దక్కక వేఱొక సంతతికి చేరినది. ఆ సంతతి యెవరిదో కథాక్రమమున మనవిచేసెదను.

ఉన్నతకులస్త్రీ చిత్తరువు లోకమున క్రొత్తగా పుట్టినది కాదు. మన పురాణకథలలో చిత్రరేఖ యాదవకుమారుల రూపములను వరుసగా వ్రాసి చూపుటచేతనే ఉషాకన్య తన స్వప్నమున గన్న అనిరుద్ధుని పోల్చుకొనగలిగినది. భాసుని స్వప్నవాసవదత్తమున ఉదయన వాసవదత్తల రూపములను పలకపై వ్రాయించి, ఆ పలకకే తల్లిదండ్రులు వివాహము జరిపించిరి. పిమ్మట ఆ పలకయే మారువేషమున నున్న రాణిని గుర్తించుటకు సాక్ష్యమైనది. ఈ కథలలో చిత్తరువు దూతికగా, పెండ్లిపీటగా, ధర్మాసనమున సాక్షిగా వ్యవహరించుచున్నదే కాని గోడకు అలంకారముగా నున్నట్లు కానరాదు. ఐరోపాలోని రాజకులములందును చాలకాల మిదే ఆచారము. ఇంగ్లాండు ప్రభువైన ఎనిమిదవ హెన్రీ తాను వివాహమాడదలచిన క్లీవ్సు రాజపుత్రిక యెట్లుండునో చూచుటకై హోల్బైను అను చిత్రకారుని 1539లో పంపించిన వృత్తాంతము సుప్రసిద్ధము. రాజకుటుంబములకు చిత్తరువు వంశమును కల్పించి యివ్వనక్కఱలేదు. వంశము ముందే యున్నది. పటము దానిని ఒక కోటనుండి వేఱొక కోటకు మోసికొనిపోవును, అంతియ.

1789లో ఆరంభమైన విప్లవము ఫ్రాన్సు దేశమున ఈ వ్యవస్థను తలక్రిందులు చేసెను. 1830లో లూయీ ఫిలిప్పు సింహాసన మెక్కునాటికి రాజ్యమున నిజమైన బలము బ్యాంకర్లది, నేతమిల్లుల యజమానులది, పత్రికాధిపతులది. ఈ నూతనవర్గమున పురుషుడు తన ఐశ్వర్యమును ఒడలిపై ధరింపడయ్యెను. పూర్వపు ప్రభువులు జరీపట్టులు, బూటకపు కేశములు, ముఖపు రంగులు ధరించి స్త్రీలతో పోటీపడుచుండగా, ఈతడు నల్లని కోటు తొడిగి నిలిచెను. నల్లకోటు పనిచేయువాని చిహ్నము. పనిచేసి గడించితినని చెప్పుకొనుట ఆ కాలమున గౌరవము. ఆంగ్ర్ 1832లో చిత్రించిన పత్రికాధిపతి బెర్తెన్ చిత్తరువును జూచినవారికి ఈ మార్పు సుబోధకమగును. రెండుచేతులు మోకాళ్లపై గట్టిగా నానించి, ముందుకు వంగి, లేచి మీద పడునేమో యనునట్లు కూర్చున్న ఆ వృద్ధుని ఒడలిపై ఆభరణమని చెప్పదగినది ఇంచుమించుగా లేదు. ఆతని అధికారమంతయు ఆ భారీ శరీరమునందే యున్నది. మఱి ఆ యింటి ఐశ్వర్యము, ఆ యింటి అభిరుచి, ఆ యింటి పరువు ఎక్కడ కనబడవలెను? పురుషుని ఒడలినుండి తొలగింపబడిన పట్టును, మణులును, పుష్పములును, వర్ణములును అతని భార్యపైకి చేరెను. ఆమె తాను వ్యక్తియైయుండియు కుటుంబమునకు ధ్వజముగా నిలువవలసివచ్చెను. ఈ విషయమున ఆ స్త్రీల అభిప్రాయ మెవ్వరును అడిగినట్లు తోపదు.

మన చిత్తరువునందలి స్త్రీయగు మదామ్ మ్వాతెస్యే పుట్టినింటి పేరు ఇనెస్ ద ఫూకో. ఆమె 1821లో జన్మించెను. తండ్రి కులీనుడు, అటవీజలవనరుల శాఖలో ప్రభుత్వోద్యోగి. పేరున్నది, సంపద అంతగా లేదు. ఆమెను 1842లో వివాహమాడిన సిజిస్బేర్ మ్వాతెస్యే లేసు వ్యాపారమునను బ్యాంకు వ్యవహారములందును గడించిన ధనికుడు, ప్రథమకళత్రమును పోగొట్టుకొన్నవాడు, ఆమెకంటె వయసున చాల పెద్ద. ఈ వివాహమున కులము ధనమును, ధనము కులమును చేపట్టినవి. ఇట్టి సంబంధములు ఆనాటి పారిసులో వింతలు కావు. మన జమీందారీ ప్రాంతములలో వాణిజ్యము పెరిగిన దినములందు ఇట్టి లెక్కలు వేయబడకపోలేదు. వివాహానంతరము ఆ దంపతుల యింట చిత్తరువు లేకుండుట లోపముగా తోచెను. ఇనెస్ తండ్రికి కార్యాలయమున పై అధికారియు, ఆంగ్ర్‌కు చిరకాలమిత్రుడునగు మర్కోత్ అను పెద్దమనుష్యుడు మధ్యవర్తియయ్యెను.

అప్పటికి ఆంగ్ర్ అరువదినాలుగేండ్లవాడు. 1780లో దక్షిణ ఫ్రాన్సునందలి మోంతోబాన్ పట్టణమున అలంకారశిల్పియగు తండ్రికి జన్మించి, పారిసులో దవీద్ అను చిత్రకారునకు శిష్యుడై, ప్రభుత్వవేతనముతో రోమునగరమునకు బోయి, అచ్చటనే యౌవనమును గడపినవాడు. నెపోలియను పతనముతో పోషకులు చెల్లాచెదరైనప్పుడు రోమునకు వచ్చెడు విదేశయాత్రికుల రూపములను పెన్సిలుతో గీసి పొట్టపోసికొనవలసివచ్చెను. నేడు మనము అద్భుతములని కొనియాడు ఆ రేఖాచిత్రములను అతడు అవమానముగా భావించెను. చిన్నచిన్న బొమ్మలు గీయువాని యిల్లు ఇదేనా యని తలుపు తట్టినవానితో, కాదు, ఇచ్చట నున్నవాడు చిత్రకారుడని చెప్పి పంపినట్లొక గాథ కలదు. పురాణేతిహాసములను విశాలఫలకములపై చిత్రించుటయే కళాకారుని ధర్మమనియు, చిత్తరువులు వ్రాయుట కాలహరణమనియు అతని సిద్ధాంతము. కాని కాలము అతని సిద్ధాంతమును మన్నింపలేదు. అతడు ఏండ్లకొలది శ్రమించి వ్రాసిన పౌరాణికఫలకములను నేడు పండితులు గౌరవముతో పలుకరించి వెళ్లిపోవుచున్నారు. అతడు విసుగుకొనుచు వ్రాసిన సంపన్నస్త్రీల చిత్తరువుల నెదుట జనులు నిలిచి కదలకున్నారు. ఓద్‌సోన్‌విల్ కౌంటెసు, రోత్స్‌చైల్డు బారనెసు, బ్రొయ్ రాకుమారి మున్నగువారి చిత్తరువు లన్నియు అతని వార్ధక్యమున, 1845 మొదలు 1853 వఱకు, వెలువడినవే.

ఈ పనికిని అతడు మొదట అంగీకరింపలేదు. ఇనెస్‌ను కన్నులార జూచిన పిమ్మట మనసు మార్చుకొనెను. ఆమె రూపము అతనికి రోమన్ దేవతల విగ్రహములను స్ఫురింపజేసినది. 1847లో అసంపూర్ణముగ నున్న పటమును అతని చిత్రశాలలో జూచిన తెయొఫిల్ గోత్యే అను కవి ఆమెను దేవతలరాణియగు జూనోతో పోల్చెను. నా అభిప్రాయమున ఈ పోలిక స్తుతిమాత్రము కాదు. ఆ చిత్రమున చిత్రకారుడు ఏమి చేయ యత్నించుచున్నాడో రసికుడొకడు కనిపెట్టి పలికిన మాట అది. లేసు వ్యాపారి గృహిణి ఒలింపస్ శిఖర మెక్కుచున్నది.

ఎక్కుటకు పన్నెండేండ్లు పట్టెను. మొదటి కల్పనలో ఇనెస్ ప్రక్కన ఆమె కుమార్తె కాతెరీన్ నిలిచియుండవలెను. అల్లరిపిల్ల కదలకుండ నిలువదు. కదలక నిలుచు వయసు వచ్చునప్పటికి పటమందలి పిల్ల కాదు. ఏండ్లు గడచినకొలది కాతెరీన్ ఆ పటమున కిమడనంత పెద్దదైపోగా, చిత్రకారుడు ఆమెను తొలగించెను. 1848 ఫిబ్రవరిలో విప్లవము చెలరేగి లూయీ ఫిలిప్పు దేశము విడిచి పోయెను. మరుసటియేట జూలైలో ఆంగ్ర్ భార్య మదలేన్ మరణించెను. ఆమె ముప్పదియారేండ్లు అతనితో కష్టసుఖముల ననుభవించినది. రోమున పేదరికమును పంచుకొన్నది. ఆ దుఃఖమున అతడు నెలలతరబడి కుంచె ముట్టలేదు. మ్వాతెస్యే కుటుంబమువారి ఓర్పు సన్నగిల్లుచున్నదని యెఱిగి, ఆసీనచిత్రమును ప్రక్కనబెట్టి, 1851లో ఇనెస్ నిలిచియున్నట్లు వేఱొక చిత్తరువును వ్రాసి ముగించెను. నల్లని మఖమలు గౌను, నల్లని లేసు, కురులలో గులాబులు, మెడలో ముత్యాలు గల ఆ పటము నేడు వాషింగ్టను నగరమందలి నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్టులో నున్నది. అది చక్కని పటము. వేఱొకడు వ్రాసియున్నచో అతని జీవితమున కదియే కిరీటమైయుండెడిది. ఆంగ్ర్‌కు మాత్రము తృప్తి కలుగలేదు. 1852లో దల్ఫీన్ రామెల్‌ను పరిణయమాడి, మనసు కుదుటబడిన పిమ్మట, మూలనున్న ఆసీనచిత్రమును మరల చేపట్టెను. రాజరికమున మొదలై, రిపబ్లికులో మూలబడి, మూడవ నెపోలియను సామ్రాజ్యమున పూర్తియైన ఆ పటమున, గోడపై దర్పణము గాని సోఫాపై పట్టుగుడ్డ గాని ఈ మూడు ప్రభుత్వముల మార్పును సూచింపదు. సంపన్నగృహపు గదిలో అంతటి నెమ్మది కనబడుట కాకతాళీయమని నేననుకొనను. వీథులలో అడ్డుకట్టలు లేచుచుండగా గది లోపల నెమ్మది నెలకొల్పుటకే ఆ వర్గము చిత్రకారులకు ధనమిచ్చినది.

ఇక ఆ కణత తాకిన వ్రేలి విషయము. ఇటలీలోని వెసూవియసు అగ్నిపర్వతము క్రీస్తుశకము 79లో పొంగినప్పుడు భూస్థాపితమైన హెర్కులేనియం పట్టణమున, పదునెనిమిదవ శతాబ్దమున త్రవ్వకములు జరుగగా ఒక గొప్ప కుడ్యచిత్రము బయల్పడెను. హెర్కులీసు తన కుమారుడైన తెలెఫసును అడవిలో కనుగొనుట అందలి ఇతివృత్తము. లేడి ఆ శిశువునకు పాలిచ్చుచుండును. ఆ సన్నివేశమునకు పైన, రాతిపై ఆసీనురాలై, పూలదండ తలపై ధరించి, చేతివ్రేళ్లు తలకు చేర్చి, ఎవ్వరినీ లక్ష్యపెట్టక దూరమునకు చూచుచు ఒక స్త్రీమూర్తి యున్నది. ఆమె అర్కాడియా దేశమునకు అధిదేవత. ఆ కుడ్యచిత్రము నేపుల్సు ప్రదర్శనశాలలో నున్నది. ఆంగ్ర్ 1814లో నేపుల్సునకు బోయినవాడు. ప్రాచీనచిత్రముల నకళ్లను జీవితాంతము సేకరించినవాడు. ఇనెస్ భంగిమ ఆ అర్కాడియాదేవి భంగిమయే. వ్యాపారి యింటి సోఫా అర్కాడియా శిలాతలమైనది. చేర్చిన వ్రేలు, ప్రక్కకు వాలిన తల, విశాలమైన బాహువు, విశ్రాంతిలో నున్నను పాలించుచున్నట్లుండు దేహము, ఇవి యన్నియు వెయ్యి యెనిమిదివందల యేండ్లనాటి గోడమీదినుండి దిగివచ్చినవి. వంశవృక్షమును వ్రాసియిచ్చు భట్రాజు ధనికునకు సూర్యవంశమునో చంద్రవంశమునో తగిలించినట్లు, ఆంగ్ర్ ఆ యింటికి రోమన్ ప్రాచీనతను తగిలించెను. భట్రాజు పద్యమును అందఱు గుర్తింతురు. ఈ భంగిమను గుర్తించిన యతిథులు ఆ యింటికి ఎందఱు వచ్చియుందురో!

ప్రాచీనత ఇంత బలముగా నున్నచోట ఆ గౌను ఏల? దేవతకు పూలగౌను తొడుగుట విరోధమే గదా? ఈ ప్రశ్న ఆంగ్ర్‌ను కూడ బాధించినట్లు కానవచ్చుచున్నది, ఏలన పన్నెండేండ్లలో ఇనెస్ దుస్తులను అతడు ఒకటికి రెండుమార్లు మార్చెను. ఆభరణములను గూర్చియు ఆమెను పదేపదే అడిగెను. దేహమునకు శాశ్వతత్వము కావలెను, దుస్తునకు నేటి ఫేషను కావలెను. ఈ రెంటిలో ఏది లోపించినను కుటుంబము సంతోషింపదు. 1844నాటి ఫేషను 1856 నాటికి ముత్తవ్వల ఫేషను. ఆ పట్టు ఫ్రాన్సులోని లియోన్ మగ్గములను స్మరింపజేయును. దానిపైనున్న పూలగుత్తులను జూచినప్పుడు తెలుగువాడు కొంచెము ఆగవలసియున్నది. పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణమునుండియు, చోళమండలతీరమందలి యితర రేవులనుండియు ఓడలెక్కిన అద్దకపు నూలుబట్టలు ఐరోపాను ఎంతగా మోహింపజేసినవనగా, తమ పట్టు, ఉన్ని నేతగాండ్రు నాశమగుదురను భయమున ఫ్రెంచి ప్రభుత్వము 1686లో వాటిని నిషేధించెను. ఆ నిషేధము 1759 వఱకు, అనగా డెబ్బదిమూడేండ్లు, అమలులో నుండెను. తెల్లని నేలపై పూలు చల్లినట్లుండు వస్త్రము సంపన్నస్త్రీ ఒడలిపై నుండుట అందమను అభిరుచిని ఐరోపాకు నేర్పినవారిలో కృష్ణాతీరపు కలంకారీ పనివారు కూడ నున్నారు. ఇనెస్ గౌను కృష్ణాతీరమునుండి వచ్చినదని నేను చెప్పుట లేదు. ఆమె కన్ను ఆ పూలను అందమని తలచుటకు వెనుక మన అద్దకపువారి చేతులు కొన్ని యున్నవని మాత్రము చెప్పుచున్నాను.

దర్పణము సంగతి మఱింత విచిత్రము. ఆమె వెనుకనున్న అద్దమున ఆమె పార్శ్వముఖము కనబడుచున్నది. కాని ఆమె కూర్చున్న తీరునకు, అద్దమున్న స్థానమునకు, మనము చూచుచున్న దిక్కునకు పొంతన కుదుర్చుకొని చూచినచో అట్టి ప్రతిబింబ మచ్చట పడుట అసంభవము. కాంతిశాస్త్రము నెఱిగిన పిల్లవాడును ఈ తప్పు పట్టగలడు. ఆంగ్ర్‌కు తెలియకపోవునా? ఇనెస్ ముఖము మనకు ఎదురుగా నున్నది. అది మ్వాతెస్యేగారి భార్య. అద్దములోని పార్శ్వముఖము ప్రాచీన నాణెములపై, రత్నములపై చెక్కిన దేవతల ముఖములవంటిది. అది మసకగా, రంగు తగ్గి, శిలవలె నున్నది. ఎదుటి ముఖము అద్దములోని ముఖముగా మారుటకు కాంతిశాస్త్రము ఒప్పుకొనదు, అందుకే అతడు కాంతిశాస్త్రమును తోసిపుచ్చెను. ఆ చేతులును అట్టివే. వ్రేళ్లలో ఎముకలు లేవేమో యని విమర్శకులు ఎత్తిపొడిచిరి. ఆ విమర్శ నిజము. ఆ చేతులు సంపన్నత పని మాన్పించిన చేతులు. వాటిలో ఎముకను చూపినచో శ్రమ జ్ఞప్తికి వచ్చును.

ఈ పటము పూర్తియగునప్పటికి దగేర్ తన ఛాయాగ్రహణవిధానమును లోకమునకు వెల్లడించి పదునేడేండ్లయ్యెను. దిస్దేరి అను పారిసు ఛాయాగ్రాహకుడు చేతికార్డంత ఫోటోలు తీసి చవుకగా అమ్ముటకు 1854లో పేటెంటు పొందెను. కొలదికాలములో దుకాణదారుని భార్యకును చిత్తరువు లభించినది. పోలికను క్షణములో పట్టియిచ్చు యంత్రము వచ్చిన పిమ్మట, పన్నెండేండ్లు పట్టు చిత్తరువునకు పోలికకంటె వేఱైన ప్రయోజనము ఉండితీరవలెను. 1862లో ఛాయాగ్రహణమును కళలలో చేర్చరాదని నిరసన తెలిపిన చిత్రకారులలో ఆంగ్ర్ ఒకడు. అతని కోపమును వృత్తిపరమైన అసూయగా కొట్టిపాఱవేయువారు కలరు. నే నంత సులభముగా కొట్టిపాఱవేయజాలను. ఫోటో ఒక నిమిషమును పట్టును. ఇనెస్ ఇరువదిమూడేండ్ల వయసున మొదలుపెట్టబడి ముప్పదియైదవయేట పూర్తియైన ముఖములో ఏ వయసు కనబడుచున్నది? తేఱిపారజూచినను చెప్పుట కష్టము. అది పన్నెండేండ్లను కలిపి మరల వడపోసిన ముఖము.

కామసూత్రవ్యాఖ్యాతయగు యశోధరుడు చిత్రమునకు చెప్పిన ఆఱంగములలో సాదృశ్యమొకటి. సాదృశ్యమనగా ఏది? చూచిన ముఖమునకు పోలికయా, చూడదగిన ముఖమునకు పోలికయా? కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున అగ్నిమిత్రుడు మాళవికను తొలుత చిత్రమున చూచి, చిత్రకారుడు అందమును పెంచి వ్రాసియుండునని శంకించును. పిమ్మట ఆమె నృత్యము చేయుటకై ఎదుట నిలిచినప్పుడు ప్రత్యక్షముగ చూచి, వ్రాయునప్పుడు చిత్రకారుని సమాధి సడలినదని తన అభిప్రాయమును తారుమారు చేసికొనును. చిత్రకారునకు ప్రధానశక్తి కన్నుగాని చేయిగాని కాదనియు, సమాధి యనియు ఆ మహాకవి భావము. అగ్నిమిత్రుని తూనికతో తూచినచో మ్వాతెస్యే చిత్తరువున సమాధి సడలలేదు, అది మితిమీఱినది. అంత గాఢముగ నిలిచిన దృష్టి ముందు ఇనెస్ అను వ్యక్తి కరగి, దేవతారూపమే మిగిలినదా యను శంక నన్ను విడువదు. ఈ చిత్రమును చల్లనిదని, ప్రాణము లేనిదని త్రోసివేయువారి విమర్శలో కొంత సత్యము కలదు. అయినను, ఆ ముఖమున అణుమాత్రమైనను ప్రసన్నత చూపించుటకు ఆమె ఒప్పుకొనకపోవుటను నేను వేఱుగా చదువుచున్నాను. ధ్వజమై నిలువుమని లోక మాజ్ఞాపించినప్పుడు, నిలిచెదను గాని నవ్వననుట ఆమెకు మిగిలిన స్వాతంత్ర్యము. ఆమె మనసు నెఱుగు ఉపాయము మనకు లేదు గనుక దీనిని నా ఊహగానే తమరు గ్రహింతురుగాక.

ఆ తరువాత ఆమె జీవితము దీర్ఘముగ సాగెను. పారిసులోని తన గృహమున రాజకీయవేత్తలును విద్వాంసులును చేరు సభలను నడపి 1897లో మరణించెను. మ్వాతెస్యే పేరు నేడు లేసు వలనగాని బ్యాంకు వలనగాని స్మరింపబడుట లేదు. ఆ బంధువర్గమున లోకప్రసిద్ధుడైన వేఱొకడు మాత్రము ఆమె మేనల్లుడు షార్ల్ ద ఫూకో. అతడు బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయినవాడు; యౌవనమున విలాసములలో మునిగినవాడు; ఆఫ్రికాలో సైనికుడుగా సంచరించి తిరిగివచ్చిన పిమ్మట ఆ మేనత్త యింటనే విశ్వాసము గల బంధువుల నడుమ మెలగి, 1886లో క్రైస్తవధర్మమునకు మరలి, తుదకు సహారా ఎడారిలోని తమన్రాసెత్‌లో త్వారెగ్ జనుల నడుమ సన్న్యాసిగా నివసించి 1916 డిసెంబరులో హతుడయ్యెను. ఆ పూలగౌను, ఆ దర్పణము, ఆ రత్నకంకణములు సూచించు సకలమును త్యజించినవాడే ఆమె పుట్టినింటి నామమును నిలిపెను. చరిత్రకు ఇట్టి వినోదములు అలవాటు.

చిత్తరువు మాత్రము వేఱొక త్రోవ పట్టినది. 1921లో పారిసున జరిగిన ఆంగ్ర్ చిత్రప్రదర్శనలో దానిని పాబ్లో పికాసో చూచెను. పదునొకండేండ్ల పిమ్మట, 1932లో, అతడు పుస్తకము చేతబట్టిన స్త్రీ యను చిత్రమును వ్రాసెను. ఆసన మున్నది, తలకు చేరిన చేయి యున్నది, వెనుక అద్దమున పార్శ్వముఖ మున్నది. దేహము మాత్రము మెలికలు తిరిగిన వర్ణరేఖలుగ మారినది. విసనకఱ్ఱ యున్నచోట పుస్తకము వచ్చినది. అందు కూర్చున్నది మరీ తెరెజ్ వాల్తేర్. ఆమె కులీనురాలు కాదు, ధనికురాలు కాదు. పికాసో పారిసున పరిచయము చేసికొన్న యువతి. ఆమెకు వంశమును కల్పింపుమని పికాసోను ఎవ్వరును కోరలేదు, మూల్యమును ఇవ్వలేదు. అర్కాడియాదేవి వ్రేలు హెర్కులేనియం గోడనుండి పారిసు వ్యాపారి గదికిని, అచ్చటినుండి ఈ యువతికిని వచ్చినది. పికాసో వ్రాసిన ఆ పటము నేడు కాలిఫోర్నియాలోని నార్టన్ సైమన్ ప్రదర్శనశాలలో నున్నది. మ్వాతెస్యేగారు ధనమిచ్చి తెప్పించుకొన్న ప్రాచీనతకు హక్కుదారులైన సంతతి యిదియే. ఆంగ్ర్ అజ్ఞాతుడైన రోమన్ చిత్రకారుని వద్ద తీసికొని పికాసోకు అప్పగించెను. నడుమ పన్నెండేండ్లు దానిని మోసినది ఇనెస్. 1936లో లండను గ్యాలరీవారు మూలచిత్తరువును కొనునప్పటికి ఈ అప్పగింత జరిగి నాలుగేండ్లయ్యెను.